ఆరు థౌల సందు

మూడో తూటా పేలగానే సిలిండర్ బిగుసుకుపోయింది. తుపాకి నేలచూపుగా పట్టుకుని వంగి చూస్తే, సిలిండర్ని ఫ్రేములో నిలబెట్టాల్సిన బేస్ పిన్ను అరంగుళం ముందుకు జారి, చీరకు సరిగ్గా గుచ్చని పిన్నీసులా బయటికి పొడుచుకొచ్చింది. నాలుగువేల మూడొందల డాలర్లు పోసి, ఇరవై ఆరు నెలలు ఎదురుచూసి, నా అరచేతి కొలతలిచ్చి మరీ చేయించుకున్న రివాల్వరది. పక్క లేన్లో ఉన్న కుర్రాడు మనవాడే, గుంటూరు యాస. చెవులకున్న మఫ్ పక్కకి జరిపి, "అంకుల్, గ్లాక్ కొనుక్కోవచ్చుగా, ఆరొందల్లో అయిపోద్ది" అన్నాడు. వాడి చేతిలోది ప్లాస్టిక్ ఫ్రేము పిస్తోలు. పొద్దున్నుంచీ రెండొందల తూటాలు కాల్చాడు, అది ఒక్కసారి మొరాయించలేదు. నేనేం చెప్పను? జేబులోంచి పెన్సిలు తీసి, పిన్నుని లోపలికి నెట్టి, మిగతా తూటాలు బయటికి తీసి, పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాను.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఈ మాట ఎత్తగానే మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది. పాఠకులకి ఆ సౌకర్యం లేదు కనుక చెప్తాను.

నేను తుపాకుల మనిషిని కాదు, కొలతల మనిషిని. సికింద్రాబాదు కవాడిగూడలో ప్రాగా టూల్స్‌లో అప్రెంటిసుగా చేరినప్పుడు మా ఫోర్‌మన్ మొదటి మూడు నెలలు ఆకురాయి తప్ప ఏదీ ముట్టుకోనివ్వలేదు. ఒక ఇనప దిమ్మ చేతికిచ్చి ఆరు ముఖాలూ చదును చెయ్యమనేవాడు. చేసి తీసుకెళ్తే మూలమట్టం ఆనించి కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేవాడు. సందులోంచి వెలుగు కనబడిందా, మళ్ళీ మొదటికి. 1979లో హ్యూస్టన్ వచ్చాక నూనె బావుల పనిముట్లు చేసే షాపులో లేత్ దగ్గర ముప్ఫై ఒక్కేళ్ళు నిలబడ్డాను. అంగుళంలో వెయ్యో వంతుని మేము థౌ అంటాం. తలవెంట్రుక మందం సుమారు మూడు థౌలు. నా బతుకంతా ఆ వెంట్రుక మందంలోనే గడిచింది. అలాంటివాడికి టెక్సాసులో రివాల్వరు పిచ్చి పట్టడంలో ఆశ్చర్యమేముంది? ఊళ్ళో మన సినిమాలు చూసేవాళ్ళకి అది విలన్ చేతి వస్తువు. నాకు మాత్రం అది అరచేతిలో పట్టే గడియారం.

గడియారమని ఊరికే అనలేదు. రివాల్వరులో తూటా కూర్చునే గది వేరు, గొట్టం వేరు. రెంటికీ మధ్య కాస్త సందు ఉండి తీరాలి, లేకపోతే సిలిండర్ తిరగదు. ఎక్కువైతే మంటా, సీసం తునకలూ పక్కకి చిమ్ముతాయి. నాలుగు నుంచి ఎనిమిది థౌల దాకా ఫరవాలేదంటారు. ఆరుంటే నాకు నిద్ర పడుతుంది. ఇక హామర్ని వెనక్కి లాగినప్పుడల్లా లోపల హ్యాండ్ అనే బుల్లి ముక్క సిలిండర్ని సరిగ్గా ఒక గది మేర తిప్పాలి. ఆరు గదులైతే 60 డిగ్రీలు. తిరిగి ఆగిన చోట కింది నుంచి బోల్టు లేచి గాడిలో పడి దాన్ని కదలకుండా పట్టుకోవాలి. అక్కడ కొంచెం తేడా వచ్చినా గుండు గొట్టం నడిమధ్యకి వెళ్ళకుండా అంచుని రాసుకుంటుంది. 1836లో శామ్యూల్ కోల్ట్ పేటెంటు తీసుకున్న నాటినుంచీ రివాల్వరు చేసేవాళ్ళందరి తలనొప్పీ ఇదే.

1986లో ఒక రిటైరైన పోలీసాయన దగ్గర వాడేసిన మోడల్ 19 కొన్నాను. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 1955లో తెచ్చిన రకం. సరిహద్దు గస్తీలో పనిచేసిన బిల్ జోర్డన్ అనే ఆయన, నడుముకి బరువు కాకుండా .357 మాగ్నమ్ తూటా కాల్చే మధ్యరకం తుపాకి కావాలని పట్టుబడితే వచ్చింది. నేను కొన్నది కాలిస్తే కుడిపక్కకి సీసం చిమ్మేది. పక్కన నిలబడ్డ స్నేహితుడి చెంప మీద చిన్న గాటు పడేసరికి భయమేసి గన్‌స్మిత్ కోసం వాకబు చేశాను. అందరూ ఒకే ముసలాయన పేరు చెప్పారు. చెప్పినవాళ్ళందరూ చివర్లో, "కాస్త ఓర్చుకోవాలి" అనే మాట కూడా తగిలించారు.

ఊరికి ఉత్తరాన గంటన్నర దూరం, పైన్ చెట్ల మధ్య రేకుల షెడ్డు. లోపలికి వెళ్తే ఆయన తలెత్తలేదు. నేను చెప్పబోయేది వినలేదు. చెయ్యి మాత్రం చాపాడు. తుపాకి ఖాళీయో కాదో తనే రెండుసార్లు చూసుకుని, బొటనవేలితో సిలిండర్ని కొంచెం అదిమిపట్టి, హామర్ని నత్తనడకన వెనక్కి లాగాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒక్కో గదికీ అలాగే. ఆరుసార్లు. నాలుగో గది దగ్గర హామర్ పూర్తిగా వెనక్కొచ్చాక గాని బోల్టు గాడిలో పడలేదు. అంటే సిలిండర్ ఆలస్యంగా వస్తోందన్నమాట. తర్వాత గోడకి వేలాడుతున్న పొడుగాటి ఉక్కు కడ్డీ తీశాడు. రేంజ్ రాడ్ అంటారు, తనే లేత్ మీద తీసుకున్నదట. దాన్ని గొట్టం మూతిలోంచి మెల్లగా వదిలితే ఐదు గదుల్లోకి జారింది, నాలుగోదాని అంచు దగ్గర టక్కున ఆగింది.

"ఎవడు చెడగొట్టాడు దీన్ని?" అన్నాడు. అదే ఆయన నాతో అన్న మొదటి మాట.

"నేను కొన్నప్పుడే ఇలా ఉందండీ" అన్నాను.

"అయితే కొన్నవాడిదే తప్పు."

నేను మిషన్ షాపులో చేస్తానని తెలిశాక మర్యాదేమీ పెరగలేదు గాని, ఫీలర్ గేజ్ నా చేతికిచ్చి, "నువ్వే చూసుకో" అన్నాడు. పన్నెండు థౌల రేకు కూడా సందులోకి దూరిపోయింది. పోలీసాయన ఎన్నేళ్ళు ఎంత గట్టి తూటాలు కాల్చాడో ఆ సందే చెప్తోంది. ముసలాయన గొట్టం పట్టుకుని, చిన్నపిల్లాడికి ఎక్కం చెప్పినట్టు చెప్పాడు: దీని మరలు అంగుళానికి 36. ఒక్క చుట్టు లోపలికి తిప్పితే దాదాపు 28 థౌలు దిగుతుంది, అంత అక్కర్లేదు, కాబట్టి ఎక్కువైంది వెనకవైపు నుంచి గీకెయ్యాలి, గొట్టాన్ని ఫ్రేముకి బిగించే అడ్డపిన్నుకి గాడి మళ్ళీ కొయ్యాలి, గుండు దూరే గరాటు నోరు మళ్ళీ తియ్యాలి, చివరికి హ్యాండ్ ముక్క మార్చాలి. "తొందరుంటే తీసుకుపో" అని వెనక్కి తిరిగి తన పని చేసుకున్నాడు.

పద్నాలుగు నెలలు పట్టింది. నాలుగుసార్లు ఫోను చేశాను. రెండుసార్లు మాట్లాడుతుండగానే పెట్టేశాడు. ఒకసారి "వానలు" అన్నాడు. వానలకీ నా తుపాకికీ సంబంధమేమిటో ఈనాటికీ తెలీదు. పదిహేనో నెలలో వెళ్తే తుపాకితో పాటు ఒక అట్టముక్క ఇచ్చాడు. దాని మీద సిరాతో ఆరు గదులకీ ఆరు వరుసలు. ముందు ఎంత, తర్వాత ఎంత. చివర్లో సందు: 6. బిల్లు ఎనభై అయిదు డాలర్లు. థ్యాంక్స్ చెప్తే, అదేదో బూతు విన్నట్టు మొహం పెట్టాడు.

ఇప్పుడీ కొత్త తుపాకి సంగతి.

డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఒక్కటైనా నా కోసం చేయించుకుందామనిపించింది. కంపెనీలో చేసే మామూలువి కాకుండా, ఒక్కొక్కటీ విడిగా చేసేవాళ్ళున్నారిక్కడ. 80ల్లో వయొమింగ్‌లో జాన్ లైన్‌బా రూగర్ కంపెనీ ఫ్రేములో ఐదు గదుల పెద్ద సిలిండర్ పెట్టి పేరు తెచ్చుకున్నాడు. టెన్నెసీలో హామిల్టన్ బోవెన్ ఈ పని మీద 2001లో పుస్తకమే రాశాడు. ఆరుకి బదులు ఐదు గదులెందుకంటే, గదుల మధ్య గోడ మందంగా ఉంటుంది. పైగా ఆరు గదులదాన్లో బోల్టు గాడి సరిగ్గా గది మీదే, గోడ అన్నిటికన్నా పల్చగా ఉన్న చోటే వస్తుంది. ఐదైతే రెండు గదుల మధ్య దళసరి చోట పడుతుంది. ఆలోచించినవాడికి దండం పెట్టాలి. అలాంటిదే .45 కోల్ట్ తూటాకి ఒకటి చేయించుకుందామని వేరే ఒక షాపుకి ఆర్డరిచ్చాను. పేరు చెప్పను, కోర్టుల చుట్టూ తిరిగే వయసు కాదు.

ఎంత మర్యాదో! నలభై ప్రశ్నల ఫారం. అరచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి పంపాను. పిడికి ఏ చెక్క, ఏ నిగారింపు, హామర్ కొన ఎంత వంపు. ఫోనులో మాట్లాడినాయన ప్రతి వాక్యానికీ ఒక "సర్". సగం డబ్బు కట్టేదాకా వారానికోసారి ఫోను. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. డబ్బు అందిన మర్నాటి నుంచీ, పల్లెటూళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసినట్టు, "వచ్చే త్రైమాసికంలో" అనే జవాబు. ఇరవై ఆరు నెలలకి వచ్చింది. వాల్‌నట్ పెట్టె, లోపల మఖ్మల్, నెమలి కంఠం రంగులో తుపాకి. పైన సంతకం చేసిన సర్టిఫికెట్. చూడగానే నా కళ్ళూ చెమర్చాయి, అబద్ధం ఎందుకు.

పిన్ను జారిన రోజు ఇంటికొచ్చి గేజులు తీశాను. సందు ఒక పక్క పదకొండు థౌలు, రెండో పక్క తొమ్మిది. అంటే గొట్టం మొదలు చదునుగా కూడా లేదు. మా ఫోర్‌మనైతే ఆ గొట్టంతోనే కొట్టేవాడు. మూడో గది దగ్గర సిలిండర్ ఆలస్యం. గదుల ముందు భాగం, గుండు బయటికి జారే చోటు, .450 పిన్ గేజు కూడా దూరనంత ఇరుకు. ఈ తూటాకి వాడే సీసపు గుండు .452. ఆ ఇరుకులో నలిగి సన్నబడ్డ గుండు గొట్టంలో వదులైపోతుంది, పక్కల నుంచి వేడి గ్యాసు దూరి సీసాన్ని కరిగించి గొట్టానికి పూస్తుంది. ఇవేమీ బ్రహ్మరహస్యాలు కావు. ఈ రకం తుపాకులు పట్టుకునే ప్రతివాడికీ తెలిసినవే.

ఫోను చేశాను. "సర్, మీరు ఏ తూటాలు వాడారు?" చెప్పాను. "సర్, మా కస్టమర్లెవరూ ఇంతవరకూ కంప్లెయింట్ చెయ్యలేదు." అంకెలు చదివాను. "సర్, ఫీలర్ గేజులు అంత నమ్మదగినవి కావు." నలభై ఏళ్ళు ఆ రేకులతో అన్నం తిన్నవాడితో అంటున్న మాటది! మీరు కొలిచినప్పుడు ఎంత వచ్చిందని అడిగాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "పంపండి సర్, చూస్తాం."

పంపడం కూడా ఇప్పుడు ఒక యజ్ఞం. మామూలు మనిషి చేతి తుపాకిని పోస్టులో పంపకూడదని ఇక్కడ 1927లోనే చట్టం చేశారు. పోనీ కొరియర్లో పంపుదామంటే, వాళ్ళూ ఈమధ్య లైసెన్సున్న దుకాణం నుంచైతేనే తీసుకుంటామంటున్నారు. దుకాణం వాడికి యాభై, కొరియర్‌కి డెబ్భై. ఐదు నెలలకి తిరిగొచ్చింది. రంగు మళ్ళీ వేశారు, ఇంకా నిగనిగలాడుతోంది. సందు అలాగే ఉంది. పిన్నుని పట్టుకునే గొళ్ళెం స్క్రూకి మాత్రం ఎర్ర జిగురు పూశారు. కిందున్న స్ప్రింగు అదే పాతది, నా చిటికెన వేలితో నొక్కితే వంగిపోయేది. గట్టి స్ప్రింగు ఐదారు డాలర్లకి దొరుకుతుంది. మళ్ళీ రేంజికి తీసుకెళ్ళాను. ఈసారి పిన్ను మూడో తూటాకి కాక ఐదో తూటాకి జారింది. ఐదు గదుల తుపాకి కాబట్టి దీన్ని అభివృద్ధి అనుకోవాలి కాబోలు.

నా కడుపు మండేది ఎక్కడంటే, ఈ పిన్ను జబ్బు నిన్నా మొన్నటిది కాదు. ఎల్మర్ కీత్ అని ఐడహో పశువుల కాపరి ఉండేవాడు, తర్వాత తుపాకుల మీద రాసి పేరు తెచ్చుకున్నాడు. 1925 జులై 4న ఆయన చేతిలో పాత .45 కోల్ట్ ఒకటి పేలిపోయింది. ఆ తర్వాత .44 స్పెషల్ తూటాకి మారి, నాలుగు చేతుల పనితనం కలిపి ఒక రివాల్వరు చేయించుకున్నాడు. నంబర్ 5 అంటారు దాన్ని. 1929లో దాని గురించి వ్యాసం రాశాడు. ఆ తుపాకికి బేస్ పిన్ను తల పెద్దది, వేళ్ళతో పట్టు దొరికేలా. దాన్ని బిగించే ఏర్పాటు కూడా, ఎంత గట్టిగా తన్నినా జారకుండా ప్రత్యేకంగా చేశారు. కంప్యూటర్ లేదు, మిల్లింగుకి ప్రోగ్రాము లేదు, మనిషి కన్నూ ఆకురాయీ. దాదాపు వందేళ్ళ కింద తీరిపోయిన బాధకి నేను జిగురు సీసా తెరవాలా?

కంపెనీలదీ ఇదే వరస. 1935లో స్మిత్ అండ్ వెసన్ .357 మాగ్నమ్ తెచ్చినప్పుడు, కొన్నవాడు అడిగిన గొట్టం పొడుగులో, మూడున్నర అంగుళాల నుంచి ఎనిమిది ముప్పావు దాకా, ఒక్కొక్కటీ విడిగా చేసి రిజిస్టరు చేసి ఇచ్చారు. మొదటిది ఎఫ్‌బీఐ అధిపతి ఎడ్గర్ హూవర్‌కి వెళ్ళింది. ధర అరవై డాలర్లు, దేశమంతా మాంద్యంలో ఉన్న రోజుల్లో. 1982లో గొట్టానికి అడ్డపిన్ను మానేశారు, మాగ్నమ్ సిలిండర్లలో తూటా అంచు లోపలికి కూర్చునే గాడీ మానేశారు, ఖర్చు కలిసొస్తుందని. 2001 నుంచి ఫ్రేము పక్కన తాళంచెవి పట్టే బెజ్జం ఒకటి పెట్టారు. అందమైన మొహానికి మొటిమ.

సందు ఎంతుందో కళ్ళకి చూపించే పనివాణ్ణి నేను మొదట చూసింది చిన్నప్పుడే. మా తాతగారికి జంట గొట్టాల తుపాకి ఉండేది. పోలవరం అవతల కొండ పొలాల మీదకి అడవి పందులొచ్చేవి. మడతపెట్టే చోట అది వదులైతే లైసెన్సు పుస్తకంతో సహా గోనెలో చుట్టి, లాంచీలో రాజమండ్రి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. తుపాకులు బాగుచేసే సాయిబుగారు సిగరెట్టు కాగితం చింపి, గొట్టాలకీ ఫ్రేముకీ మధ్య పెట్టి మూసి, లాగి చూశారు. కాగితం సుళువుగా జారి వచ్చింది. "చూశారా దొరా" అని దాన్ని తాతగారి అరచేతిలో పెట్టారు. బాగుచేశాక మళ్ళీ అలాగే పెట్టి లాగితే కాగితం చిరిగింది. మూడు రూపాయలో నాలుగో ఇచ్చారు తాతగారు. ఫీలర్ గేజ్ పేరు నేను అప్పటికింకా వినలేదు.

ఇదంతా చెప్తే మా ఆవిడ టీవీ ఆపి మరీ అంది: "ఆ ముసలాయన పద్నాలుగు నెలలుంచుకుని, మొహాన ఫోను పెట్టేసినా దేవుడే. వీళ్ళు సర్ సర్ అన్నా దొంగలే. మీకు తిట్టేవాళ్ళంటే ఇష్టమండీ, అందుకే మా నాన్నగారంటే మీకంత గౌరవం." పెళ్ళి జాకెట్లు ముహూర్తం దాటాక ఇచ్చిన దర్జీ సంగతి కూడా గుర్తుచేసింది, ఆయనా మా రోజుల వాడే కదా అని.

ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. మా రోజుల్లోనూ ఆకురాయి కొన్న ప్రతివాడూ గన్‌స్మిత్తే. ట్రిగ్గర్ తేలిక చేస్తానని వంటింటి బల్ల మీద కూర్చుని నా మొట్టమొదటి తుపాకి నాశనం చేసినవాడు 1981 నాటివాడు. హామర్ లాగి వదిలితే నిలిచేదే కాదు. ఆలస్యం అప్పుడూ ఉంది, అహంకారం అప్పుడూ ఉంది. ఈ విషయంలో ఆవిడకి మార్కులు ఇచ్చేస్తున్నాను. కానీ ఆ ముసలాయన నన్ను తిట్టాడు గాని నా చేతికి గేజ్ ఇచ్చాడు. తుపాకిలో తప్పు ఎన్ని థౌలో ఆయన నోటితో ఆయనే చెప్పాడు. వాల్‌నట్ పెట్టెలో వచ్చిన సర్టిఫికెట్ నాలుగుసార్లు చదివాను. "కళాఖండం" అని ఉంది, "వారసత్వం" అని ఉంది. ఒక్క అంకె లేదు.

తుపాకి రెండోసారి వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇవాళ్టికి నూట పన్నెండు రోజులు. నా ఉత్తరానికి జవాబుగా, నా విన్నపం తమకెంతో ముఖ్యమని మొన్న ఒక సందేశం వచ్చింది. ఊరుకోలేక నిన్న సాయంత్రం పాత మోడల్ 19 బయటికి తీసి, అట్టముక్క పక్కన పెట్టుకుని, సందులో రేకు పెట్టి చూశాను. ముసలాయన 1987లో ఆరు అని రాసిచ్చాడు. ఇన్నేళ్ళ కాల్పుల తర్వాత ఇప్పుడు ఏడు.